చిన్న పేగులో పుండ్లు: ఎందుకు వస్తాయి, ఎలా కనిపెడతారు?

"గ్యాస్" అనే మాట మన ఓ.పి.లో రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్క లేదు. కడుపు ఉబ్బినా గ్యాసే, ఛాతీలో మంట వచ్చినా గ్యాసే, వీపు పట్టేసినా గ్యాసే. కొంచెం ముదిరితే "అల్సర్ అయ్యిందమ్మా" అంటారు. అల్సర్ అంటే పుండు అని అందరికీ తెలుసు. ఆ పుండు ఎక్కడ ఉంది అని అడిగితే మాత్రం అందరూ బొడ్డు పైన చెయ్యి పెట్టి చూపిస్తారు. పుండు జీర్ణాశయంలోనే ఉండాలని లేదు. జీర్ణాశయం దాటాక మొదలయ్యే చిన్న పేగులో ఎక్కడైనా ఉండవచ్చు. అది ఎక్కడ ఉంది, ఎందువల్ల వచ్చింది అన్న రెండు సంగతులు తేల్చుకోకుండా ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళలు మింగుతున్నవారు మన కుటుంబాలలోనే ఎందరో ఉన్నారు. ఈసారి ఆ విషయమే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పేరుకు చిన్న పేగు అంటాము గాని, పెద్ద పేగుకంటే ఇదే చాలా పొడవు. పెద్దవారిలో సుమారు 6 మీటర్లు ఉంటుంది. చిన్న అన్నది లావును బట్టి పెట్టిన పేరు. దీనిలో మూడు భాగాలు. మొదటిది ఆంత్రమూలం, డాక్టర్లు డుయోడినం అంటారు. పన్నెండు వేళ్ళు పక్కపక్కన పెడితే ఎంతో అంత, అంటే సుమారు 25 సెంటీమీటర్లు. ఆ లాటిన్ పేరులో ఉన్నది కూడా పన్నెండే. రెండవది జెజునం, మూడవది ఇలియం. ఇలియం చివర కుడివైపు కింద, అపెండిక్స్ దగ్గర, పెద్ద పేగులో కలుస్తుంది. ఈ మూడు పేర్లు గుర్తుంచుకోనవసరం లేదు. మొదలు, మధ్య, చివర అనుకుంటే చాలు. ఎందుకంటే ఈ మూడు చోట్ల పుండ్లకు కారణాలు వేరు, లక్షణాలు వేరు, పరీక్షలూ వేరు.

మొదటి భాగంలో పుండు

మనవాళ్ళు అల్సర్ అనేది ఎక్కువగా ఇదే. ఆకలివేళ, అన్నం తిన్న రెండు మూడు గంటల తరువాత, అర్ధరాత్రి ఒంటిగంటకో రెండింటికో బొడ్డు పైభాగంలో కొరికినట్టు, మండినట్టు నొప్పి వచ్చి నిద్ర లేపుతుంది. ఓ నాలుగు బిస్కట్లు తిన్నా, గ్లాసుడు మజ్జిగ తాగినా తగ్గుతుంది. కొన్ని వారాలు ఉండి, తరువాత నెలల తరబడి కనబడకుండా పోయి, మళ్ళీ వస్తుంది.

దక్షిణ భారతదేశంలో ఒకప్పుడు ఈ జబ్బు చాలా ఎక్కువ. మైసూరులోని హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ మిషన్ ఆసుపత్రిలో 1950, 60 దశకాల్లో సర్జనుగా పనిచేసిన ఫ్రాంక్ టోవీ అనే ఇంగ్లీషు డాక్టరు దీన్ని ప్రత్యేకంగా గమనించారు. గోధుమ రొట్టె తినే ఉత్తరాదికంటే వరి అన్నం తినే దక్షిణాదిలో డుయోడినం పుండ్లు ఎక్కువని చూసి, 1979లో గట్ అనే వైద్య పత్రికలో రాశారు. పాతకాలపు నర్సులను అడిగితే చెబుతారు. పుండు మానగా మచ్చకట్టి దారి మూసుకుపోయి, నిన్న తిన్న అన్నం ఈరోజు వాంతి చేసుకుంటూ వచ్చేవారు. ఆపరేషన్ చేసి జీర్ణాశయానికీ పేగుకీ కొత్త దారి కలిపేవారు. ఇప్పుడా ఆపరేషన్లు బాగా అరుదయ్యాయి.

అరుదు కావడానికి ఒక కారణం ఆమ్లాన్ని తగ్గించే మంచి మందులు రావడం. రెండవది, అసలు కారణం తెలియడం. అప్పటిదాకా మనోవ్యాకులత, కారం, పచ్చళ్ళు అని నిందించేవారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగుల జీర్ణాశయపు పొరలో నుంచి మెలికలు తిరిగిన ఒక సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచగలిగారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ. అంత ఆమ్లంలో సూక్ష్మజీవి బతకదని ఎవరూ నమ్మకపోతే, 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవుల ద్రవాన్ని తానే తాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకొని చూపించాడు. మీరెవరూ అటువంటిది చెయ్యకండి గాని, 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ సూక్ష్మజీవి ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లో ఒకరినుంచి ఒకరికి అంటుతుంది. మన దేశంలో చాలామంది కడుపులో ఉంటుంది, వారిలో ఎక్కువమందికి జీవితాంతం పుండు రాదు. అందుకని "సూక్ష్మజీవి ఉంది" అన్న మాట వినగానే భయపడనక్కరలేదు. పుండు ఉండి, సూక్ష్మజీవి కూడా ఉంటే మాత్రం దాన్ని నిర్మూలించాలి. సాధారణంగా 14 రోజులు మూడు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తారు. అయిదో రోజున నొప్పి తగ్గింది కదా అని మానేస్తే, ఆ సూక్ష్మజీవి చావదు సరిగదా మందుకు మొండిదవుతుంది. ఇక పచ్చడి సంగతి: కారం పుండును పుట్టించదు. పుండు ఉన్నప్పుడు మంట పెంచవచ్చు, అంతవరకే. పొగ, సారా మాత్రం పుండును మాననివ్వవు.

నొప్పి బిళ్ళల సంగతి

ఈ భాగాన్ని ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి.

మోకాళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి, నాట్లు వేసి వచ్చిన రాత్రి ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే బిళ్ళలు ఉంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, పైరాక్సికాం, ఇండోమెథాసిన్, ఎసిక్లోఫెనాక్ వంటివి. నొప్పిని పుట్టించే రసాయనాలను ఇవి ఆపుతాయి. కాని అదే రసాయనాలు జీర్ణాశయానికీ పేగుకీ లోపలి పొరను కాపాడుతూ ఉంటాయి. నొప్పితో పాటు ఆ కాపుదల కూడా పోతుంది.

"దానితో గ్యాస్ బిళ్ళ కూడా వేసుకుంటున్నానండీ" అంటారు. ఓమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటి గ్యాస్ బిళ్ళలు ఆమ్లాన్ని తగ్గించి జీర్ణాశయాన్ని, చిన్న పేగు మొదటి భాగాన్ని కాపాడతాయి. అది నిజమే. కాని అక్కడినుంచి కిందికి, జెజునంలో, ఇలియంలో, పుండుకు ఆమ్లం కారణం కాదు. డైక్లోఫెనాక్ వంటి మందు రక్తంలోకి వెళ్ళి, కాలేయం గుండా పైత్యరసంలో కలిసి, తిరిగి చిన్న పేగులోకే వస్తుంది. అక్కడ పొరను మరొకసారి తాకుతుంది. దానికి గ్యాస్ బిళ్ళ ఏమీ చెయ్యలేదు. కడుపులో కరగకుండా పైన పూత పూసిన బిళ్ళలు కూడా అంతే. పైన జీర్ణాశయం బాగానే ఉంటుంది, దెబ్బ కింద తగులుతుంది.

ఈ పుండ్లకు చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. నొప్పి తెలియకుండా చేసే మందే కదా వాళ్ళు వేసుకునేది. రక్తం మాత్రం చుక్క చుక్క కారుతూ ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం మా ఆడవాళ్ళ వార్డులో ఒక తల్లి ఉండేది. పొలం పని చేసేది. హిమోగ్లోబిన్ 5కు పడిపోయింది. అంతకుముందే మరొకచోట రెండుసార్లు రక్తం ఎక్కించారు. నెలసరి ఆగిపోయి ఏళ్ళయింది, నులిపురుగుల మందు వేశారు, పైనుంచి గొట్టం వేసి చూశారు, కిందినుంచీ చూశారు, ఎక్కడా ఏమీ లేదు. "ఇంట్లో ఏ బిళ్ళలు ఉన్నా అన్నీ తెమ్మను" అని మా సిస్టరు వాళ్ళ అబ్బాయికి చెప్పింది. అతను తెచ్చిన ప్లాస్టిక్ కవరులో ఖాళీ అట్టలే దోసెడు ఉన్నాయి. మూడేళ్ళుగా రోజుకు రెండు చొప్పున డైక్లోఫెనాక్. డాక్టరు అడిగినప్పుడు "మందులేమీ వాడటం లేదు" అనే చెప్పింది పాపం. ఆమె దృష్టిలో అది మందు కాదు, తలనూనెలాగ రోజువారీ వస్తువు. ఆ బిళ్ళలు ఆపి, ఐరన్ ఇచ్చాక, నాలుగు నెలల్లో మళ్ళీ రక్తం ఎక్కించే అవసరం లేకుండానే కోలుకుంది.

అందరూ అంత తేలికగా బయటపడరు. ఏళ్ళ తరబడి పుండ్లు లేస్తూ మానుతూ ఉంటే పేగు లోపల ఉంగరాల్లాగ మచ్చలు కట్టి దారి సన్నబడుతుంది. అప్పుడు ఆపరేషన్ కావాలి. గుండె జబ్బుకు డాక్టరు రాసిన ఆస్పిరిన్ సంగతి వేరు. దాన్ని ఈ వ్యాసం చదివి మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టరునే అడగండి. మామూలు నొప్పులకు పారాసిటమాల్ తగిన మోతాదులో పేగుకు ఇంత హాని చెయ్యదు.

చివరి భాగంలో పుండు: క్షయ, టైఫాయిడ్, క్రోన్స్

టీబీ అంటే ఊపిరితిత్తుల జబ్బేనని అనుకుంటాము. పేగుకు కూడా వస్తుంది. చిన్న పేగు పెద్ద పేగులో కలిసే మూల దానికి చాలా ఇష్టమైన చోటు. తిన్నది అక్కడ కాసేపు నిలుస్తుంది, ఆ పొరలో లింఫ్ కణజాలం కూడా ఎక్కువ. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు కళ్ళె మింగడం వలన, కాచని పాల వలన, లేదా రక్తం ద్వారా క్రిములు అక్కడికి చేరతాయి. ఛాతీ ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన పేగులో క్షయ లేదని చెప్పలేము. చాలామందికి ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది.

సాయంత్రం వెచ్చబడటం, బరువు తగ్గడం, ఆకలి చచ్చిపోవడం, కుడివైపు కింద నొప్పి. కొందరికి కొన్నాళ్ళు విరేచనాలు, కొన్నాళ్ళు మలబద్ధకం. పేగు సన్నబడినవారు ఒక మాట తప్పక చెబుతారు: "అన్నం తిన్న గంటకు కడుపులో బంతిలాగ లేచి, గుడగుడమని శబ్దం చేసి, అణిగిపోతుంది." ఈ మాట ఎవరైనా చెబితే, మా వార్డులో స్టాఫ్ నర్సు వెంటనే కేసుషీటులో రాస్తుంది. అది గ్యాస్ కాదు. సన్నబడిన చోట దాటడానికి పేగు పడే పాటు.

టైఫాయిడ్‌కూ ఇదే ప్రాంతం. ఇలియంలోని లింఫ్ కణజాలపు మచ్చలు వాచి, చితికి, పుండ్లవుతాయి. సరైన వైద్యం లేకపోతే మూడవ వారంలో పుండు చిల్లు పడవచ్చు. అందుకే టైఫాయిడ్ రోగికి మలం రాలేదని ఇంట్లో విరేచనాల మందు పట్టకూడదు. జ్వరం ఉన్నట్టుండి దిగిపోయి, నాడి వేగంగా కొట్టుకుంటూ, కడుపు చెక్కలాగ బిగుసుకుంటే "జ్వరం తగ్గింది" అని సంతోషించకండి. అది పేగుకు చిల్లు పడిన గుర్తు కావచ్చు, గంట కూడా ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి.

క్రోన్స్ అనే జబ్బు ఒకప్పుడు పాశ్చాత్య దేశాలదే అనుకున్నాము. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, ఆయన సహచరులు దీన్ని వివరించారు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు మన తెలుగు జిల్లాల్లో కూడా చూస్తున్నాము. ఇది క్రిమి వలన అంటే జబ్బు కాదు. శరీర రక్షణ వ్యవస్థే పేగు మీద తిరగబడటం. ఇబ్బంది ఎక్కడంటే, క్షయ, క్రోన్స్ రెండూ అదే మూలలో పుండ్లు చేస్తాయి, రెండింటిలోనూ నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. వైద్యం మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం. క్రోన్స్‌కు రక్షణ శక్తిని అణచే మందులు, స్టెరాయిడ్లు ఇస్తారు. నిజంగా ఉన్నది క్షయ అయితే, ఆ మందులతో అది ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. క్రోన్స్ ఉన్నవారికి క్షయ మందులే మళ్ళీ మళ్ళీ ఇస్తూ పోతే ఏళ్ళు వృథా అయి పేగు మూసుకుపోతుంది. "ఎందుకింత పరీక్షలు, ఏదో ఒక మందు మొదలుపెట్టండి" అని బంధువులు తొందరపెట్టినప్పుడు డాక్టర్లు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

ఇంకా కొన్ని అరుదైన కారణాలున్నాయి. గర్భసంచి ముఖద్వారపు క్యాన్సరుకు కరెంటు పెట్టించుకున్నవారికి నెలలకో ఏళ్ళకో పేగులో పుండ్లు రావచ్చు. పేగుకు రక్తప్రసరణ తగ్గినా, లింఫోమా అనే క్యాన్సరు వలన కూడా వస్తాయి. క్లోమం దగ్గర పుట్టే ఒక చిన్న గడ్డ ఆమ్లాన్ని విపరీతంగా పెంచి జెజునందాకా పుండ్లు చేస్తుంది. చిన్న పిల్లలకు నొప్పి లేకుండా మలంలో ఎర్రగా చాలా రక్తం పడితే మెకెల్స్ తిత్తి అనే పుట్టుకతో వచ్చే లోపం ఉందేమో చూడాలి. నూటికి ఇద్దరిలో ఆ తిత్తి ఉంటుంది, వారిలో కొద్దిమందికే బాధ పెడుతుంది.

ఎలా కనిపెడతారు?

అన్నిటికంటే పెద్ద పరీక్ష మీరు చెప్పే మాటే. నొప్పి ఏ వేళ వస్తుంది, తింటే తగ్గుతుందా పెరుగుతుందా, బరువు ఎంత తగ్గారు, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా, ఏ బిళ్ళలు వాడారు. తరువాత మలం రంగు. సిగ్గుపడి చాలామంది చెప్పరు. తారులాగ నల్లగా, జిగటగా, చెడు వాసనతో ఉంటే పైన ఎక్కడో రక్తం కారి జీర్ణమై వస్తున్నదన్నమాట. ఐరన్ బిళ్ళలు వాడేవారికి కూడా నల్లగా వస్తుంది గాని ఆ జిగట, ఆ వాసన ఉండవు. కంటికి కనబడని రక్తాన్ని మలపరీక్షలో పట్టుకోవచ్చు.

నోటిగుండా వేసే ఎండోస్కోపీ గొట్టం జీర్ణాశయం దాటి డుయోడినం రెండవ భాగం దాకా చూస్తుంది. అందులో నుంచే చిన్న ముక్క తీసి హెలికోబాక్టర్ పరీక్ష చేస్తారు. శ్వాస పరీక్ష, మలపరీక్ష కూడా ఉన్నాయి. వీటికి ముందు గ్యాస్ బిళ్ళలు 2 వారాలు, యాంటీబయాటిక్స్ 4 వారాలు ఆపి ఉండాలి. లేకపోతే సూక్ష్మజీవి ఉన్నా లేనట్టు వస్తుంది. గొట్టం ఆపడం మాత్రం డాక్టరును అడిగే చెయ్యాలన్నట్టే, ఈ బిళ్ళలు ఆపడం కూడా అడిగే చెయ్యండి. కిందినుంచి వేసే కొలనోస్కోపీ పెద్ద పేగంతా చూసి, ఇలియం చివరి కొద్ది సెంటీమీటర్లలోకి తొంగి చూస్తుంది. క్షయా, క్రోన్సా అని తేల్చే ముక్కలు అక్కడే తీస్తారు. క్షయ పుండ్లు తరచుగా పేగు చుట్టూ అడ్డంగా ఉంటాయి, క్రోన్స్ పుండ్లు పొడవునా చీరినట్టు ఉంటాయి. అయినా కంటితో చూసి తేల్చరు. ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తారు, కల్చరు పెడతారు, జన్యు పరీక్షకు పంపుతారు. పేగు ముక్కలో క్రిములు తక్కువ ఉంటాయి కాబట్టి పరీక్షలో "లేదు" అని వచ్చినా క్షయ ఉండవచ్చు. అప్పుడు డాక్టర్లు క్షయ మందులు మొదలుపెట్టి, సుమారు రెండు నెలలకు మళ్ళీ గొట్టం వేసి పుండ్లు మానాయా అని చూస్తారు. మానితే 6 నెలల కోర్సు పూర్తి చేస్తారు, మానకపోతే మళ్ళీ ఆలోచిస్తారు. "మొన్ననే చేశారు కదా, మళ్ళీ ఎందుకు" అని ఆ రెండవ పరీక్ష ఎగ్గొట్టకండి. రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ చెబుతామనే పరీక్షలను భారత ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. ఎవరైనా చేస్తామంటే డబ్బు ఇవ్వకండి. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆహారానికి ఇచ్చే సహాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. పేగు క్షయ ఉన్నవారు కూడా దానికి అర్హులే.

పైనుంచీ కిందినుంచీ రెండు గొట్టాలకూ అందని మధ్య భాగమే చాలాకాలం చీకటి గది. బేరియం తాగించి ఎక్స్‌రేలు తీసేవారు, సన్నబడిన చోట తెలిసేది గాని చిన్న పుండు దొరికేది కాదు. ఇప్పుడు పేగు నిండా ద్రవం తాగించి తీసే సీటీ, ఎం.ఆర్.ఐ. స్కానులు గోడ వాపును కూడా చూపిస్తాయి. 2001 నుంచి కాప్సూల్ ఎండోస్కోపీ వాడుకలోకి వచ్చింది. 26 మిల్లీమీటర్ల పొడవున్న, లోపల కెమెరా అమర్చిన కాప్సూల్‌ను మింగితే, పేగు వెంట పోతూ వేలాది ఫొటోలు తీసి నడుముకు కట్టిన పెట్టెకు పంపుతుంది, తరువాత మలంలో పోతుంది. నొప్పి లేదు, మత్తు లేదు. కాని ముక్క తియ్యలేదు, ఖర్చు ఎక్కువ. పేగు సన్నబడినవారిలో మధ్యలో ఇరుక్కుపోతుంది. అందుకే ఆ బంతి లేచే నొప్పి ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. కాప్సూల్ బయటకు వచ్చేదాకా ఎం.ఆర్.ఐ. తియ్యకూడదు. ముక్క కావలసివస్తే బెలూన్లున్న పొడవాటి ఎంటిరోస్కోపీ గొట్టంతో మధ్యదాకా వెళ్ళే సదుపాయం పెద్ద నగరాల ఆసుపత్రుల్లో ఉంది.

పుండు చిల్లు పడిందన్న అనుమానం ఉంటే ఇవేవీ ముందు చెయ్యరు. నిలబెట్టి ఒక ఎక్స్‌రే తీస్తారు. కాలేయం పైన నల్లటి గాలి అంచు కనబడితే, ఎక్కువమందిని ఆ పూటే థియేటరుకు తీసుకువెళతారు.

పరీక్షకు వచ్చేవారికి కొన్ని మాటలు. పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, ఖాళీ మందు అట్టలు అన్నీ తీసుకురండి, ఆయుర్వేదం, నాటు మందులతో సహా. పైనుంచి గొట్టం వేయించుకునేవారు రాత్రి భోజనం తరువాత ఏమీ తినకుండా రావాలి, షుగరు ఉన్నవారు ఆ ఉదయం మందు సంగతి ముందురోజే అడగాలి. కొలనోస్కోపీకి వచ్చేవారు ఐరన్ బిళ్ళలు వారం ముందే ఆపాలి, లేకపోతే పేగంతా నల్లగా అంటుకొని ఏమీ కనబడదు. మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఒకరిని తెచ్చుకోండి.